చెట్టు కుట్టమన్న చోట

ఆ శుక్రవారం ఇంట్లో ఎవరెవరున్నారంటే, మేడ మీద గదిలో మేడం, ఆవిడ కిటికీ కింద ఒళ్ళో పాత గుడ్డ పరుచుకుని నేను, కింద వంటింట్లో అమ్మ, అమ్మ పక్కన పీట మీద కూచుని చేపలు శుభ్రం చేస్తున్న చిట్టి వదిన, బయట సందులో కారు కడుగుతున్న నాన్న. మధ్యాహ్నం మసీదులోంచి జనం బయటికొచ్చాక వచ్చినవాడు వెంకన్న బావ. ఉండాల్సి ఉండీ లేనివాడు మా అన్నయ్య బుజ్జిబాబు. మేముండే ఈ అరబ్బు దీవికి వంతెన అవతల ఉన్న సౌదీలో ఏదో ఫ్యాక్టరీ ఆపేసి మరమ్మతులు చేయిస్తుంటే ఆ పనికి వెళ్ళాడు.

ఇంతమంది సంగతీ ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజు జరిగినదాంట్లో ఎవరి తప్పు ఎంతని చాలాసార్లు పంచి చూశాను. ఎలా పంచినా చివరికి మిగిలింది నా ముందుకే వస్తోంది.

పోయిన వారం ఎక్కడ ఆగానో మీకు గుర్తుండే ఉంటుంది. మేముండే ముహర్రక్‌లో సముద్రపు గట్టు మీద నిలబడి వెంకన్న బావతో, "నాకీ పెళ్ళి ఇష్టం లేదు బావా. నర్సింగ్ చదువుకోవాలనుంది" అన్నాను. అంత పొడుగు మాట నేను ఇంట్లోవాళ్ళతో కూడా ఎప్పుడూ అని ఎరగను. బావ, "సరేలే. ఇంకెవరితోనూ అనకు, నేను చూసుకుంటా" అన్నాడు. చాయ్ ఇప్పించి, ఇంటి దాకా దింపి వెళ్ళాడు. ఇక ఖలాస్ అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది. ఇప్పుడు ఆ నిద్ర తలుచుకుంటేనే సిగ్గేస్తుంది.

మాదీ వాళ్ళదీ కుండమార్పిడి సంబంధం. వాళ్ళ పిల్ల మా ఇంటికి, మా పిల్ల వాళ్ళింటికి. రెండు పెళ్ళిళ్ళూ ఒకే పందిట్లో జరిగిపోవాలి, అదీ పద్ధతి. కానీ అప్పటికి నేను తొమ్మిదో తరగతి. అందుకని పెద్దవాళ్ళు సగం పని చేసి సగం వాయిదా వేశారు. వాళ్ళ చిట్టి మా అన్నయ్యకి పెళ్ళామై మా ఇంటికి వచ్చింది. నేను పెద్దయ్యాక వాళ్ళ వెంకన్నకి పెళ్ళామై వెళ్ళాలి. వదినకి చిన్నా పుట్టాడు. వాడికి పాలు మాన్పించాక, ఊళ్ళో మా నానమ్మ పాపాయమ్మ దగ్గర వదిలి, అమ్మా నాన్నా పనిచేసే ఈ ఇంటికే వదిన కూడా పనికి వచ్చింది. నేను ఇంటర్ పరీక్షలు రాసి విజిట్ వీసా మీద వచ్చాను.

బావలో వంక పెట్టడానికి ఏమీ లేదు. వంక ఉంటే నా మాటకి ఒక కారణమైనా దొరికేది.

అసలు ఆ గట్టు మీద నాకంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. మేడం కథలోంచి వచ్చింది.

మేడం పేరు లూచియా. ఇటలీ ఆవిడ. భర్త ఇక్కడి పాత ఇళ్ళు బాగుచేయించే పని చేసేవారట. ఆయన పోయాక కూడా ఆవిడ వెనక్కి వెళ్ళలేదు. ఈ ఇల్లు మా వైపు మండువా ఇల్లులాగే ఉంటుంది, నడిమధ్యన ఆకాశం కనిపిస్తూ. విమానాలు నెత్తి మీంచే దిగుతాయి, దిగినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు మోగుతాయి. తలుపులు మాత్రం మా ఇళ్ళలోవాటికంటే బరువు. సముద్రపు తేమకి చెక్క ఉబ్బి, బలంగా తోస్తే గానీ పడవు. వచ్చిన కొత్తలో వదిన గది తలుపు సందులో నా వేళ్ళు నలిగాయి. వదినే పసుపు పెట్టి కట్టు కట్టింది. "ఇటు చెయ్యి పెట్టకే తల్లీ" అని ఆ తర్వాత పది రోజులూ హెచ్చరిస్తూనే ఉంది.

మా ఊరు నరసాపురం నుంచి పడవ పంటు మీద రేవు దాటి రావాలి. మా వైపు ఆడపిల్లలందరికీ లేసు అల్లడం వచ్చు. అది తెలిసి మేడం పెట్టెలోంచి ఒక పెద్ద గుడ్డ తీసి నా చేతిలో పెట్టారు. వాళ్ళ అమ్మమ్మ ఊలు దారంతో కుట్టిన బొమ్మల గుడ్డ, గోడకి వేలాడదీసేది. పురుగు కొట్టిన చోటల్లా మళ్ళీ కుట్టాలి. నేను కుడుతుంటే ఆవిడ ఒక్కో బొమ్మదీ కథ చెప్పేవారు. నెమ్మదిగా, మధ్య మధ్య ఆగి ఇంగ్లీషు మాట్లాడతారు కాబట్టి నాకు అర్థమయ్యేది.

గుడ్డ మధ్యలో ఓడ ఎక్కుతున్న దొర పేరు ఒబెర్తో. మేడం వంశానికి మూలపురుషుడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇటలీ కొండల్లో చిన్న కోట ఆయనది. భుజం మీద ఎర్ర గుడ్డతో శిలువ కుట్టించుకుని, జెరూసలేం కోసం జరిగే యుద్ధానికి వెళ్ళాడు. మా స్కూల్లో సోషల్ పుస్తకంలో ఈ యుద్ధాల గురించి ఒక పేరా ఉండేది. పరీక్షకి రాదని మాస్టారు వదిలేశారు.

యుద్ధానికి వెళ్ళాలంటే ముందు వెనకాల కోట భద్రంగా ఉండాలి. అందుకని ఒబెర్తో కొండ అవతల కోట దొర మన్‌ఫ్రేదోతో సంబంధం కలుపుకున్నాడు. మన్‌ఫ్రేదో చెల్లెల్ని తను చేసుకున్నాడు. తన చెల్లెలు అలాసియాని మన్‌ఫ్రేదోకి ఇస్తానన్నాడు. మేడం ఇది చెప్పినప్పుడు నేను సూది ఆపేసి, "మేడం, ఇది మా కుండమార్పిడే" అన్నాను. ఆవిడ ఆ మాటని మూడుసార్లు పలికి చూసుకుని నవ్వారు.

అలాసియా బొమ్మ గుడ్డ మీద అన్నిటికంటే అందంగా ఉంటుంది. తెల్లటి ముసుగు, పైన మఠం గంట. అన్న ఓడెక్కాక ఆ పిల్ల పెళ్ళికి వద్దంది. దేవుడి సేవ చేసుకుంటానని మఠంలో చేరిపోయింది. ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారట. "మా ఇంట్లో ప్రతి ఆడపిల్లకీ ఈ కథ చెప్తారు. ధైర్యం నేర్చుకోమని" అన్నారు మేడం.

నేను నేర్చుకున్నాను. ఆ వారమే గట్టు మీద ఆ మాట అన్నాను.

ఇక ఆ శుక్రవారం సంగతి. పొద్దున్న గుడ్డలో కోట గుమ్మం దాకా వచ్చాను. గుమ్మం పక్కన ఖాళీ. అది పురుగు కొట్టింది కాదు, అసలు అక్కడ ఏమీ కుట్టలేదు. మేడం ఆకుపచ్చ దారం తీసి ఇచ్చి, "ఇక్కడ ఒక చెట్టు కుట్టు" అన్నారు. వాళ్ళ వైపు చెట్టు బొమ్మ ఫోన్‌లో చూపించారు. అచ్చం మా సరుగుడు చెట్టులాగే సన్నగా, పొడుగ్గా ఉంది. దారం సూదికి ఎక్కిస్తుంటే కింద వెంకన్న బావ గొంతు వినిపించింది. నేను మెట్ల మీదికి వచ్చి చూశాను.

బావ ఉండేది మామీర్‌లో, కంపెనీ పనివాళ్ళ క్యాంపులో. ఎప్పుడొచ్చినా దారిలో హల్వా డబ్బా కొనుక్కొస్తాడు. ఆ రోజు చేతిలో ఏమీ లేదు.

"ఏరా వెంకన్నా, కాళ్ళు కడుక్కో. పులుసు దించేస్తున్నా" అంది అమ్మ.

"తినే వచ్చానత్తయ్యా."

"శుక్రవారం మీ క్యాంపులో ఏం ఉడకేస్తారో నాకు తెలీదేంటి. కూచో."

"ఆకలి లేదత్తయ్యా."

వదిన చేపల చేతులు దూరంగా పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "హల్వా ఏదన్నయ్యా? కాబోయే అత్తారింటికి ఇలా చేతులూపుకుంటూ వస్తే పిల్లనిస్తారా?"

బావ నవ్వలేదు. తల ఎత్తకుండానే, "చిట్టీ, నీ సామాన్ సర్దుకో" అన్నాడు. "నాన్న తీసుకెళ్ళిపొమ్మన్నాడు. ఇవాళ్టికి గుదైబియాలో పిన్నీ వాళ్ళ గదిలో ఉందువుగాని. ఆదివారం ఫ్లైటు."

వదిన ఇంకా నవ్వుతూనే ఉంది. అది వేళాకోళం కాదని తెలియడానికి ఆమెకి కొంచెం టైం పట్టింది. మెట్ల మీద నాకు మాత్రం వెంటనే తెలిసిపోయింది.

నాన్న తడి చేతులతో లోపలికొచ్చాడు. "ఏంట్రా ఇది? మొన్న మీ నాన్న నాతో నవ్వుతూ మాట్లాడాడుగా."

"మొన్నటికి ఆయనకి తెలీదు మావయ్యా." బావ చూపు మెట్ల మీదికి, నా మీదికి వచ్చి, మళ్ళీ నేల మీదికి దిగింది. "నేను చెప్పకూడదనే అనుకున్నా. కానీ ఆయన వచ్చే వేసవికి ముహూర్తం పెట్టించడానికి బయల్దేరాడు. నలుగురికీ చెప్పేస్తున్నాడు. ఇక ఆపకపోతే ఇంకా అల్లరైపోతుందని చెప్పేశా. సాయికి ఇష్టం లేదు మావయ్యా."

అమ్మ పొయ్యి కట్టేసింది. పులుసు ఉడుకు ఆగిన చప్పుడు కూడా వినిపించింది.

"అది నీతో అందా?" అన్నాడు నాన్న.

"అంది. నాకు కోపం లేదు. దాని ఇష్టం దానిది."

"మరి కోపం లేనివాడివి దీన్నెందుకు తీసుకెళ్తున్నావు?" అంది అమ్మ.

బావ ఫోన్ తీసి వాళ్ళ నాన్నకి కలిపి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

సోమేశ్వరరావు మావయ్య గొంతు పెంచి మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజూ పెంచలేదు. "బావగారూ, భోజనాలయ్యాయా?" అని మొదలుపెట్టాడు. "నాకు మీ మీద కోపం లేదండి. పిల్లకి ఇష్టం లేకపోతే బలవంతం చేసేవాళ్ళం కాదు మనం. కానీ మాట అనుకున్నప్పుడు రెండు వైపులా అనుకున్నాం. ఒకవైపే ఉంచుకుంటే నేను రేవులో తలెత్తుకుని పంటు ఎక్కలేను. మీ పిల్ల మీకు, మా పిల్ల మాకు. అంతే."

"పిల్లాడున్నాడు కదా బావగారూ" అన్నాడు నాన్న.

"పిల్లాడు మీ వంశం. మీ దగ్గరే ఉంటాడు. మేం అడగం."

చిన్నాని అడగం అని చెప్పడం మర్యాద అనుకున్నాడాయన. వదిన చేపల చేతుల్ని చీరకి తుడిచేసుకుంది. అది ఆమె కావాలని చేసిన పని కాదు.

"నాన్నా, నేనిక్కడే ఉన్నాను. వింటున్నాను" అంది ఫోన్‌తో.

"వింటే మంచిదేనమ్మా. అన్నయ్యతో వచ్చెయ్యి" అని ఆయన పెట్టేశాడు.

నాన్న అప్పుడు అన్నయ్యకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు. ఒక విమానం దిగింది, గిన్నెలు మోగాయి. కాసేపటికి అన్నయ్యే తిరిగి చేశాడు. వెనకాల గాలి హోరు, ఎవరో యల్లా యల్లా అని తొందరపెడుతూ అరుస్తున్నారు. నాన్న జరిగింది చెప్పాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారు నన్ను?" అన్నాడు అన్నయ్య. "నేనిక్కడ ఉన్నాను. పని మధ్యలో వదిలేసి రానివ్వరు."

"రమ్మనట్లేదురా. నీ పెళ్ళాం విషయం. నీ మాటేంటో చెప్పు."

"నా మాటేముంది నాన్నా. మీరు పెద్దవాళ్ళు మాట్లాడుకోండి. కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంటుంది, తర్వాత అన్నీ అవే సర్దుకుంటాయి."

వదిన బల్ల దగ్గరికి వచ్చింది. "ఏవండీ, చిన్నా సంగతి?"

"నానమ్మ చూసుకుంటోందిగా. ఇప్పుడు మాత్రం నువ్వు చూస్తున్నావేంటి?" అన్నాడు అన్నయ్య. అది కోపంగా అనలేదు. మామూలుగానే, నిజం చెప్తున్నట్టు అన్నాడు. అవతల ఎవరో మళ్ళీ పిలిచారు. లైను తెగిపోయింది.

చిన్నా ఇప్పుడు మా నానమ్మని అమ్మా అని పిలుస్తున్నాడు. వారం వారం వీడియోలో వదినని చూసి, వాడు నానమ్మ చీర వెనకాల దాక్కుంటాడు. వదిన ఆ సంగతి నవ్వుతూ చెప్పి, ఆ తర్వాత చాలాసేపు బాత్రూంలో కుళాయి తిప్పి ఉంచేది. అది అన్నయ్యకి తెలియదు. నాకు తెలుసు.

నాన్న నా వైపు తిరిగాడు. "కిందికి రా సాయీ."

వచ్చాను.

"నిన్నెవరూ కొట్టట్లేదు, తిట్టట్లేదు. పెళ్ళి ఇప్పుడే కాదు, నీకు పద్దెనిమిది నిండాకే. ఒక్క మాట చెప్పు చాలు. సరేనంటే వెంకన్న అన్నం తిని వెళ్ళిపోతాడు, మీ వదిన ఇక్కడే ఉంటుంది. కాదంటే, ఆ కాదనేది మీ వదిన మొహం చూసి చెప్పు."

"అలా అడక్కండి మావయ్యా" అన్నాడు బావ.

"నువ్వూరుకోరా. అది నీతో అయితే అనగలిగింది."

నేను నేల చూశాను. గచ్చు మీద పులుసు చుక్క ఒకటి పడి ఆరిపోతోంది. దాని చుట్టూ పసుపు రంగు అంచు. సరే అనాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కాలేజీ గేటు, తెల్ల కోటు, నేనెప్పుడూ చూడని హాస్టల్ గది, అన్నీ కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాయి. నోరు మూసేశాను. అవుననలేదు, కాదనలేదు. వదిన మొహం చూడలేదు. ఆమె నన్నే చూస్తోందని మాత్రం తెలుసు.

అప్పుడు మేడ మీంచి మేడం, "సాయీ" అని పిలిచారు.

ఆ పిలుపు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తినంత పని చేసి మెట్లెక్కేశాను. వెనకాల వదిన గది వైపు అడుగుల చప్పుడు వినిపించింది.

"కింద ఏమిటి గొడవ?" అన్నారు మేడం.

"చుట్టాలొచ్చారు మేడం" అన్నాను. ఆవిడ వీసా మీదే వదిన ఇక్కడ ఉంది. ఆవిడతో అసలు సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

కూచుని గుడ్డ ఒళ్ళోకి లాక్కున్నాను. ఆకుపచ్చ దారం సూదిలోనే ఉంది. కోట గుమ్మం పక్కన ఖాళీ. చెట్టు ఎక్కడ మొదలుపెట్టాలో చూస్తుంటే, ఇన్నాళ్ళూ నాకు తట్టని సంగతి తట్టింది. గుడ్డ మీద ఒబెర్తో ఉన్నాడు, వాళ్ళమ్మ ఉంది, చెల్లెలు ఉంది, ఉయ్యాల్లో పిల్లాడు కూడా ఉన్నాడు. పిల్లాడి తల్లి లేదు. మన్‌ఫ్రేదో చెల్లెలు ఎక్కడా లేదు.

"మేడం, ఇక్కడ ఎవరుండాలి?"

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "బెయాట్రిచే" అన్నారు. "ఒబెర్తో భార్య."

"ఆవిడకేమైంది?"

"నువ్వు చెట్టు కుట్టు సాయీ."

"చెప్పండి మేడం." నేను ఆవిడని ఏదైనా గట్టిగా అడగడం అదే మొదటిసారి.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పారు. అలాసియా వెళ్ళి మఠంలో చేరాక, మన్‌ఫ్రేదో కబురు పంపాడు. మీ పిల్లని ఇవ్వలేదు కాబట్టి మా పిల్లని పంపెయ్యండి, లేకపోతే కోట మీద దాడి చేస్తాను అని. ఒబెర్తో అప్పటికి సముద్రం అవతల అక్కా అనే ఊరి కోట ముందు యుద్ధంలో ఉన్నాడు. ఆయన తల్లే బెయాట్రిచేని వెనక గుమ్మంలోంచి బయటికి పంపింది. చలికాలం. పిల్లాణ్ణి మాత్రం వంశానికి కావాలని తన దగ్గరే ఉంచేసుకుంది. బెయాట్రిచే నడిచి వెళ్ళే దారిలోనే అలాసియా మఠం. మంచు పడుతుంటే ఆ రాత్రికి తలదాచుకుందామని తలుపు కొట్టింది. లోపలి నుంచి ఎవరూ తియ్యలేదు.

"అలాసియాకి వినపడలేదా?"

"వినపడిందనే మా అమ్మమ్మ చెప్పేది. ఏ మొహంతో తీస్తుంది?"

"మరి ఒబెర్తో తిరిగొచ్చాక?"

"వచ్చాడు. బెయాట్రిచే కొండ అవతల పుట్టింట్లో బతికే ఉంది. ఒక పూట గుర్రం మీద వెళ్తే చేరే దూరం. వెళ్ళలేదు. మళ్ళీ యుద్ధానికి ఓడలు కావాల్సి వచ్చాయి. జెనోవాలో ఓడల యజమాని కూతుర్ని చేసుకుని మళ్ళీ వెళ్ళాడు." మేడం నవ్వబోయి ఆపుకున్నారు. "ఉయ్యాల్లో ఉన్నాడు చూడు, ఆ పిల్లాడి సంతతి నేను. మా అందరికీ రక్తం ఇచ్చింది బెయాట్రిచే. పేరు మాత్రం ఒబెర్తోది, కథ అలాసియాది."

"ఆవిడనెందుకు కుట్టలేదు?"

"కుడితే ఇంటికొచ్చినవాళ్ళు ఎవరీవిడ అని అడుగుతారు. చెట్టయితే ఎవరూ అడగరు. మా అమ్మమ్మ అలా అనేది. ఆ చెట్టు కూడా కుట్టలేక అలా వదిలేసి పోయింది. ఇన్నాళ్ళకి నేను నీకు చెప్పాను." ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోలేదు. "నీకు మొదటే మొత్తం చెప్పి ఉండాల్సింది. చిన్నపిల్లవని, మంచి సగం చెప్పాను."

నేను ఆ మంచి సగం పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. ఆ సంగతి ఆవిడకి తెలియదు. సూది ఆ ఖాళీలో గుచ్చేసి లేచాను.

కింద బల్ల మీద అమ్మ అన్నం వడ్డించి ఉంచింది. నాన్నా బావా ఎదురెదురుగా కూచున్నారు, ఎవరూ చెయ్యి పెట్టలేదు. అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నేను వాళ్ళని దాటి వదిన గది దగ్గరికి వెళ్ళాను. ఒక తలుపు రెక్క వేసి ఉంది, ఇంకోటి తెరిచి ఉంది. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

వదిన మంచం మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుతోంది. మా అమ్మ పెట్టిన చీరలన్నీ మడతలు విప్పకుండా పక్కన దొంతరగా పెట్టేసింది. పుట్టింటివే పెట్టెలో వేస్తోంది. చిన్నా కోసం అల్లుతున్న లేసు టోపీ సగంలో ఉంది. దాన్ని ఏ దొంతరలో పెట్టాలో తెలియనట్టు చేత్తో పట్టుకుని ఉంది.

"వదినా" అన్నాను.

"ఊఁ."

"నేను ఒప్పుకుంటాను. బావని చేసుకుంటాను. నువ్వెళ్ళకు."

వదిన వెనక్కి తిరిగింది. ఏడ్చినట్టు లేదు. చేపల వాసన ఇంకా పోలేదు ఆమె చీరకి.

"నాకెందుకు చెప్తున్నావు?" అంది.

"అంటే..."

"నేనేం అడగలేదుగా నిన్ను. అడిగినవాళ్ళు అక్కడ కూచున్నారు." గడ్డంతో మండువా వైపు చూపించింది. "మీ నాన్న ఉన్నాడు, మా అన్నయ్య ఉన్నాడు. వెళ్ళి వాళ్ళతో చెప్పు. ఎంతో దూరం లేదు."

నా వీపు వెనకే వాళ్ళు ఉన్నారు. నాలుగడుగులు వేసి, ఇదే మాట కొంచెం గట్టిగా అంటే చాలు.

"నువ్వు చెప్పమంటే చెప్తాను వదినా."

"నేను చెప్పమనాలా?" వదిన గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "రేపు నీ చదువు పోయిందని నువ్వు ఏడ్చిన ప్రతిసారీ, వదిన చెప్పమంటేనే చెప్పానని గుర్తు చేసుకోవడానికా? నీ మాట నువ్వే అను సాయీ. అవునన్నా సరే, కాదన్నా సరే. నీ బదులు నా నోరు వాడకు."

వదిన నన్ను చూస్తూ ఆగింది. నేను వెళ్తానేమోనని నిజంగానే ఆగింది. టోపీ దారం ఆమె వేలికి చుట్టుకుని ఉంది. నేను కదల్లేదు. కదలాలనే ఉంది. కాళ్ళు రాలేదు అని రాసుకోవడం తేలిక, కానీ కాళ్ళకేం కాలేదు.

"చూశావా" అంది వదిన.

టోపీ మంచం మీద పెట్టింది. దగ్గరికి వచ్చింది. తలుపు రెక్క మీద ఒక చెయ్యి వేసింది. రెండో చేత్తో, గుమ్మం పట్టుకున్న నా వేళ్ళని ఒక్కొక్కటీ విడదీసి, చెయ్యి మొత్తం తీసి నా పక్కన కిందికి దించింది, నలగకుండా.

తర్వాత తలుపు వేసేసింది.